కొండల్లో, నదీ లోయల్లో మోటారు బండ్లు తిరగని దారుల మీద సైకిల్ యాత్ర

కొండ ప్రాంతంలో సైకిల్ యాత్ర అంటే ముందు ఎత్తులు గుర్తొచ్చి వెనక్కి తగ్గేవాళ్ళు చాలామంది. కార్లూ లారీలూ రాని దారులు కొండల్లో ఎక్కడ పడితే అక్కడ ఉండవన్న సంగతి గమనిస్తే ఆ భయం సగానికి సగం పోతుంది. అలాంటి దారులు చాలావరకు మూడు రకాలే. ఒకటి, రైళ్ళు ఆగిపోయాక పట్టాలు తీసేసిన పాత రైలు మార్గం. రెండోది, కాలువ గట్టు లేదా నది కరకట్ట. మూడోది, అడవుల్లో కలప కోసమో నిప్పు ఆర్పడానికో వేసి, గేటు పెట్టి మూసిన మట్టిరోడ్డు. మొదటి రెండూ దాదాపు చదునుగా ఉంటాయి. చెమటలు పట్టించేది మూడోదే, అది కూడా ఒక లోయలోంచి పక్క లోయలోకి దాటే చోటే. అందుకే యాత్రను మొత్తం కిలోమీటర్లను బట్టి కాకుండా, లోయ మారే చోట్లు ఎన్ని, అవి ఎక్కడ, ఒక్కోటీ ఎంత నిటారు అన్నదాన్ని బట్టి ప్లాన్ చేసుకోవాలి. తక్కిన నిర్ణయాలన్నీ, గేర్ల దగ్గర నుంచి సంచుల బరువు దాకా, దాని వెనకే వస్తాయి.

రైలు మార్గం ఎందుకంత మెల్లగా ఎక్కుతుందంటే, ఉక్కు చక్రానికి ఉక్కు పట్టా మీద పట్టు తక్కువ. బరువైన రైలును లాగాల్సి వస్తే వాలు రెండు శాతం (వంద మీటర్ల దూరానికి రెండు మీటర్ల ఎత్తు) దాటడం ఇంజన్‌కు కష్టం. అందుకే అప్పటి ఇంజనీర్లు గట్లు పోసి, కొండ తొలిచి, వంతెనలు కట్టి ఆ వాలు మించకుండా చూశారు. ఇప్పుడు ఆ శ్రమ ఫలితం మన మోకాళ్ళకు దక్కుతోంది. అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ వరకు ఉన్న గ్రేట్ అలెఘేనీ పాసేజ్ దీనికి చక్కటి ఉదాహరణ. సుమారు 240 కి.మీ. దారి, శిఖరం ఎత్తు 729 మీటర్లు. తూర్పున కంబర్లాండ్ వైపు నుంచి ఎక్కితే 38 కి.మీ.లో 540 మీటర్ల ఎత్తు వస్తుంది కానీ ఎక్కడా రెండు శాతం దాటదు. పడమటి వైపు అంతకన్నా తక్కువ, ఒక శాతం లోపే. అదే కొండను మామూలు రోడ్డు మీద దాటాలంటే ఎనిమిది, పది శాతం వాలులు తప్పవు.

నది వెంబడి దారుల గురించి మరో అపోహ ఉంది: ప్రవాహం వైపు వెళ్తే పల్లమే కాబట్టి తొక్కాల్సిన పని తక్కువని. పెద్ద నదుల విషయంలో ఇది నిజం కాదు. డాన్యూబ్ వెంట పాసౌ నుంచి వియన్నా దాకా సుమారు 320 కి.మీ.లో నది దిగేది 140 మీటర్లకు అటూ ఇటూ, అంటే కిలోమీటరుకు అర మీటరు కూడా లేదు. కాళ్ళకు ఆ తేడా తెలియదు. తెలిసేది గాలి. నది దారికి ఏ వైపు నుంచి బయలుదేరాలో ఆ సీజన్లో ఎక్కువగా వీచే గాలిని చూసి తేల్చుకోండి, నీరు పారే దిక్కును చూసి కాదు. చిన్న కొండవాగుల సంగతి వేరు. అవి కిలోమీటరుకు 10, 20 మీటర్లు దిగుతాయి కనుక అక్కడ పై నుంచి కిందికి రావడమే సుఖం.

మ్యాపు చదవడం, సమయం లెక్క

మొదట కాంటూరు గీతలున్న మ్యాపు ముందు పెట్టుకుని నదులన్నీ గుర్తించండి. వాటి వెంట ఉన్న బండ్లు రాని దారులకు ఒక రంగు, వాటిని కలిపే ముక్కలకు మరో రంగు వేయండి. రెండో రంగు ముక్కలే మీ యాత్రలో అసలు పరీక్ష. ఒక్కోదానికి నాలుగు విషయాలు రాసుకోండి: పొడవు, ఎక్కాల్సిన ఎత్తు, అన్నిటికన్నా నిటారుగా ఉన్న కిలోమీటరు వాలు, నేల ఎలాంటిది. సగటు వాలు చూసి మోసపోవద్దు. సగటున 5 శాతం అని కనిపించే కనుమ దారిలో రెండు కిలోమీటర్లు చదునుగా ఉండి, చివరి కిలోమీటరు 14 శాతం ఉండొచ్చు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాపులో దారి మీద నొక్కితే నేల వివరం దొరుకుతుంది. మట్టిరోడ్లకు గట్టిదనాన్ని బట్టి 1 నుంచి 5 వరకు గ్రేడు ఉంటుంది. బరువున్న సైకిల్‌కు 1, 2 హాయి. 3 అంటే వాన లేకపోతే ఫరవాలేదు. 4, 5 కనిపిస్తే వేరే దారి వెతకండి. ఆ గ్రేడు ఎప్పుడో ఎవరో రాసి ఉంటారు కాబట్టి ఉపగ్రహ చిత్రంతో సరిచూసుకోవడం మంచిది. చక్రాల జాడలు రెండు గీతలుగా ఉండి మధ్యలో గడ్డి పెరిగి ఉంటే, అక్కడ గంటకు 10 కి.మీ. దాటి వెళ్ళలేరు.

యాప్‌లు చూపే మొత్తం ఎక్కుడును మాత్రం ఇరుకు లోయల్లో నమ్మకండి. అవి నేల ఎత్తును కొన్ని పదుల మీటర్ల గడులుగా లెక్కిస్తాయి. దారి కొండ గోడను ఆనుకుని పోతే, గడిలో సగం గోడ మీద పడి లేని ఎక్కుళ్ళు పుట్టుకొస్తాయి. సొరంగం ఉన్న చోట యాప్ మిమ్మల్ని కొండ పైకెక్కించి దింపుతుంది, వంతెన ఉన్న చోట లోయలోకి దించి ఎక్కిస్తుంది. పాత రైలు మార్గం ప్రొఫైలులో, అంటే ఎత్తుల గ్రాఫులో, సూదిమొనలా లేచిన శిఖరం కనిపిస్తే అది సొరంగమే అయి ఉండొచ్చు. దీనికి ఉల్టాగా, నిజంగానే ఎక్కుడు ఉండే చోటొకటి ఉంది. రైలు వంతెనను కూల్చేసి ఉంటే సైకిల్ దారి లోయ అడుగుకు దిగి మళ్ళీ ఎక్కుతుంది. అక్కడ 12, 15 శాతం వాలు మామూలే. చదునైన దారి కదా అని ధీమాగా వచ్చినవాళ్ళు దెబ్బతినేది ఇలాంటి చోటే. ఉపగ్రహ చిత్రంలో లోయ మధ్య ఒంటరిగా నిలబడ్డ రాతి స్తంభాలు కనిపిస్తే వంతెన లేదని అర్థం.

సమయానికి ఒక మోటు లెక్క: చదునైన గట్టి దారిలో బరువుతో గంటకు 15, 16 కి.మీ. వేసుకుని, ఎక్కాల్సిన ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ 10 నిమిషాలు కలపండి. ఈ పది నిమిషాలు ఎక్కడివంటే, మనిషీ సైకిలూ సామానూ కలిపి 100 కిలోలున్న బండి 6 శాతం వాలు మీద గంటకు 6 కి.మీ. వేగంతో ఎక్కడానికి దాదాపు 110 వాట్లు కావాలి. మామూలు ఓపిక ఉన్నవాళ్ళు గంటల తరబడి ఇవ్వగలిగేది అంతే. ఆ లెక్కన 100 మీటర్ల ఎత్తుకు 17 నిమిషాలు పడుతుంది. ఆ దూరమే చదునులో ఆరు నిమిషాల్లో అయిపోయేది. తేడా పదకొండు, గుండుగుత్తగా పది. కాబట్టి 60 కి.మీ., 600 మీటర్ల ఎక్కుడు ఉన్న రోజంటే తొక్కడానికే ఐదు గంటలు. తిండికీ, నీళ్ళకూ, దారి వెతుక్కోవడానికీ, ఫొటోలకూ ఇంకో రెండు. కంకర మెత్తగా ఉంటే మొదటి లెక్కలో 16 బదులు 12 వేసుకోండి.

లోయ మారే రోజును 40, 45 కి.మీ. దాటనివ్వకండి. ఆ ఎక్కుడు పొద్దున్నే వచ్చేలా ముందు రోజు బసను కొండ మొదట్లోనే పెట్టుకోండి. సాయంత్రం నాలుగింటికి కాళ్ళు అలిసిపోయాక ఎదురయ్యే 300 మీటర్ల ఎత్తు, ఉదయం ఏడింటికి ఎదురయ్యే 500 మీటర్ల కన్నా బరువు. అదీ కాక లోతైన లోయల్లో చీకటి త్వరగా పడుతుంది. సూర్యాస్తమయం ఏడింటికని పంచాంగం చెప్పినా, పడమటి కొండ అడ్డొచ్చి ఐదున్నరకే నీడ కమ్ముకుంటుంది, చలి మొదలవుతుంది. బసకు గంట ముందే చేరేలా చూసుకోండి.

గాలి లెక్క కూడా లోయలో వేరు. ఎండ ఉన్న రోజుల్లో కొండ వాలులు వేడెక్కి గాలిని పైకి లాగుతాయి కాబట్టి మధ్యాహ్నానికి లోయ కింది నుంచి పైకి గట్టి గాలి వీస్తుంది. రాత్రికి చల్లబడ్డ గాలి కిందికి జారుతుంది. కనుక లోయ వెంట కిందికి దిగే ప్రయాణం పొద్దున పెట్టుకుంటే ఆ చల్లటి గాలి వీపున తోస్తుంది. అదే మధ్యాహ్నం మూడింటికైతే, వాలు దిగుతున్నా తొక్కితే గానీ బండి కదలని పరిస్థితి వస్తుంది.

గేర్లు: ఖర్చు పెట్టదగ్గ మొదటి చోటు

సైకిల్ ఏ కంపెనీదన్నది పెద్ద విషయం కాదు. అన్నిటికన్నా చిన్న గేరు ఎంత చిన్నదన్నది చాలా పెద్ద విషయం. చూసే పద్ధతి ఇది: ముందున్న చిన్న చైన్ వీల్ పళ్ళను వెనక క్యాసెట్ (పళ్ళచక్రాల గుత్తి)లోని పెద్ద పళ్ళచక్రం పళ్ళతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణించాలి. 40 మి.మీ. టైరున్న పెద్ద చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. రోడ్డు సైకిళ్ళలో మామూలుగా ఉండే 34/28 తీసుకుంటే పెడల్ ఒక చుట్టుకు 2.67 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 9.6 కి.మీ. ఆ వేగంతో 8 శాతం ఎక్కుడు మీద 100 కిలోల బండికి దాదాపు 230 వాట్లు కావాలి. శిక్షణ ఉన్నవాళ్ళకు తప్ప అది పది నిమిషాల్లో ఊపిరి తీసేస్తుంది. అదే 26/36 ఉంటే చుట్టుకు 1.59 మీటర్లు, గంటకు 5.7 కి.మీ., 140 వాట్ల లోపు. కొండ అదే, మనిషీ అదే, కానీ ఒకరు దిగి తోస్తారు, ఒకరు మాట్లాడుకుంటూ ఎక్కుతారు. ముందు ఒకటే చైన్ వీల్ ఉన్న బండైతే 32 పళ్ళ వీల్, వెనక 51 పళ్ళ క్యాసెట్ చక్కగా సరిపోతాయి.

దుకాణంలో అడగాల్సింది ఒక్కటే: ముందు పళ్ళ కన్నా వెనక పళ్ళు ఎక్కువ ఉన్నాయా? లేకపోతే క్యాసెట్ మార్పించండి. పెద్ద క్యాసెట్ వేసేటప్పుడు డీరైలర్ (గేరు మారేటప్పుడు చైన్‌ను పక్కకు జరిపే భాగం) దాన్ని మోయగలదా, చైన్ పొడవు చాలుతుందా అని తప్పక చూడాలి. చైన్ పొట్టిదై ఉండి, ముందు పెద్ద వీల్ మీద ఉండగా వెనక పెద్ద పళ్ళచక్రానికి గేరు మార్చితే డీరైలర్ విరిగిపోతుంది. ఎక్కుడులో గేరును ముందే తగ్గించుకోవడం అలవాటు చేసుకోండి. పెడల్ మీద పూర్తి బరువు వేసి గేరు మార్చడం వల్లే దారి మధ్యలో చైన్లు తెగుతుంటాయి.

టైర్లు 40 నుంచి 50 మి.మీ. వెడల్పు తీసుకోండి. పాత రైలు మార్గాల మీద పరిచేది ఎక్కువగా సన్నటి రాతిపొడి. ఎండలో అది తారు రోడ్డులాగే ఉంటుంది, తడిస్తే మాత్రం పిండిలా అతుక్కుంటుంది. 28 మి.మీ. టైరు అందులో కోసుకుపోతుంది. గాలి గురించి చెప్పాలంటే, వెనక చక్రం బరువులో అరవై శాతం మోస్తుంది కాబట్టి రెండిటికీ ఒకే ఒత్తిడి పెట్టకూడదు. 100 కిలోల మొత్తం బరువుకు 40 మి.మీ. టైరులో వెనక 50, ముందు 40 పీఎస్ఐతో మొదలుపెట్టండి. 50 మి.మీ. అయితే వెనక 38, ముందు 30 చాలు. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకె దాకా నింపితే కంకర మీద చక్రం గెంతుతుంది, మలుపులో జారుతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్‌కూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబుకు అలా జంట చిల్లులు కనిపిస్తే ముల్లు కోసం వెతకకండి, గాలి ఐదు పీఎస్ఐ పెంచండి.

బరువు

బస చేసే చోట పడుకునేవాళ్ళకు 8 కిలోలు, గుడారంతో వెళ్ళేవాళ్ళకు 14, 15 కిలోలు. నీళ్ళూ తిండీ వేరు. అంతకు మించితే ప్రతి కిలో ఎక్కుడులో తెలుస్తుంది. ఇంతకన్నా ముఖ్యమైనది బరువు ఉండే చోటు. బరువైనవి, అంటే పనిముట్లు, స్టవ్, నీళ్ళు, పక్క సంచుల అడుగున, వీలైనంత వరకు ఇరుసు దగ్గరగా ఉండాలి. బట్టలు పైన. సామానంతా వెనక్కి వేస్తే నిటారు ఎక్కుడులో ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది, దిగుడులో వెనక భాగం తోక ఆడించినట్టు ఆడుతుంది. గుడారాన్నో పక్కబట్టలనో హ్యాండిల్‌కు కట్టేస్తే చాలు, తేడా వెంటనే కనిపిస్తుంది. కుడి ఎడమ సంచుల మధ్య తేడా అర కిలో దాటకూడదు.

క్యారియర్‌ను ఫ్రేముకు బిగించే 5 మి.మీ. బోల్టులు కంకర అదురుకు వదులవుతాయి. ఇవి కొండల్లో తెచ్చిపెట్టేంత చికాకు ఇంకేదీ తేదు, ఎందుకంటే ఒక బోల్టు పడిపోతే రెండోదాని మీద రెట్టింపు భారం పడి అది విరుగుతుంది, విరిగిన మొన ఫ్రేములోనే ఇరుక్కుంటుంది. బిగించేటప్పుడు మర మీద థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేయండి, రోజూ పొద్దున చేత్తో కదిపి చూడండి, నాలుగు అదనపు బోల్టులు వెంట ఉంచుకోండి. సంచి కొక్కెం కింద ఖాళీ ఉండి టకటక కొట్టుకుంటుంటే పాత ట్యూబు ముక్క చుట్టండి.

పనిముట్లలో ఇవి చాలు: 4, 5, 6 మి.మీ. ఆలెన్ కీలు, స్క్రూడ్రైవర్, చైన్ విప్పే పనిముట్టు, తెగిన చైన్‌ను కలపడానికి మీ చైన్‌కు సరిపోయే రెండు క్విక్ లింకులు, రెండు ట్యూబులు, ప్యాచీలు, టైరు లీవర్లు, పంపు, స్పోకు కీ, మీ చక్రాల కొలతకు తగిన నాలుగు స్పోకులు, ఒక జత బ్రేక్ ప్యాడ్లు, మీ ఫ్రేముకే సరిపోయే డీరైలర్ హ్యాంగర్ (డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క), కొన్ని జిప్ టైలు, టైరు చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క. హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారంలో ఉంటుంది. దారిలో దొరుకుతుందిలే అనుకోవద్దు, ఇంటి దగ్గరే కొనండి.

దిగుడు

ఎక్కుడు అలసట తెస్తుంది, ప్రమాదం తెచ్చేది దిగుడు. 100 కిలోల బండి 500 మీటర్లు దిగితే వదిలే శక్తి దాదాపు 490 కిలోజౌళ్ళు. మామూలు చల్లటి నీళ్ళు లీటరున్నర మరిగించడానికి అది సరిపోతుంది. వేగంగా దిగితే అందులో మంచి భాగాన్ని గాలి తీసుకుంటుంది. భయపడి బ్రేకు వదలకుండా నెమ్మదిగా దిగితే ఆ వేడంతా రిమ్‌లోకో డిస్క్‌లోకో పోతుంది. రిమ్ బ్రేకులైతే లోపలి ట్యూబు పేలే అవకాశం ఉంది. డిస్క్ బ్రేకులైతే లీవర్ మెత్తబడుతుంది, ప్యాడ్లు మాడిన వాసన వస్తుంది. కాబట్టి బ్రేకును అరగదీస్తూ పట్టుకోకండి. మలుపు రాకముందే రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం బాగా తగ్గించండి, పూర్తిగా వదిలి చల్లారనివ్వండి, మళ్ళీ వేయండి. నిటారుగా కూర్చుంటే ఒంటికి తగిలే గాలే సగం బ్రేకు. పొడవాటి దిగుడులో ప్రతి 200 మీటర్ల ఎత్తుకోసారి ఆగండి. రిమ్‌ను, డిస్క్‌ను ముట్టుకుని మాత్రం చూడకండి, వేలు కాలుతుంది. దగ్గరగా చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది.

ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. తారు మీద, నేరుగా ఉన్న దారిలో దాన్నే నమ్ముకోండి. కంకర మలుపులో ముందు బ్రేకు వేస్తే ముందు చక్రం జారుతుంది, అప్పుడు పడడం తప్ప చేయగలిగేది లేదు. మలుపుకు ముందే నెమ్మదించి, మలుపులో బ్రేకులు వదిలి, బయటి పెడల్‌ను కిందికి దించి దాని మీద బరువు వేయండి. తడి రాతిపొడి ప్యాడ్లలో ఇరుక్కుని ఆకురాయిలా రిమ్‌ను తినేస్తుంది. గరగర శబ్దం వస్తే ఆగి ప్యాడ్లు తుడవండి, ఇరుక్కున్న రేణువులను మొనతో తీసేయండి.

చలికోటు దిగుడు మొదలయ్యే ముందే, పైనే వేసుకోవాలి. ఎక్కేటప్పుడు చెమటకు తడిసిన చొక్కాతో దిగితే ఐదు నిమిషాల్లో వేళ్ళు మొద్దుబారతాయి, మొద్దుబారిన వేళ్ళకు బ్రేకు అందదు. తెల్లవారుజామున చల్లటి గాలి లోయ అడుగున నిలిచిపోతుంది, కాబట్టి పొద్దున దిగేకొద్దీ చలి పెరగొచ్చు.

ఈ దారులకే ఉన్న చిక్కులు

సొరంగాలు. ఎండలోంచి లోపలికి వెళ్ళిన మొదటి కొన్ని క్షణాలు కళ్ళకు ఏమీ కనిపించదు. ముఖద్వారానికి ముందే నల్ల కళ్ళజోడు తీయండి, లైట్లు వేయండి, వేగం తగ్గించండి. 200 ల్యూమెన్లకు తగ్గని ముందు లైటు కావాలి, ఫోన్ టార్చి పనికిరాదు. లోపల పైనుంచి నీళ్ళు కారి నేల జారుడుగా ఉంటుంది. న్యూజీలాండ్‌లోని 152 కి.మీ. ఒటాగో సెంట్రల్ రైల్ ట్రెయిల్‌లో పూల్‌బర్న్ లోయ సొరంగాల్లో దీపాలు లేవు. అమెరికాలో సీ అండ్ ఓ కాలువ గట్టు మీద ఉన్న పా పా సొరంగం దాదాపు 950 మీటర్లు, గట్టు ఇరుకు, పక్కనే నీళ్ళు. అక్కడ దిగి నడిపించుకుంటూ వెళ్ళడమే పద్ధతి. కొన్ని సొరంగాలను చలికాలంలో మూసేస్తారు. గ్రేట్ అలెఘేనీ పాసేజ్‌లో కిలోమీటరు పొడవున్న బిగ్ సావేజ్ సొరంగం అలాంటిదే. మూసిన సొరంగం చుట్టూ తిరగాలంటే కొండ ఎక్కి దిగాలి, అందుకే తేదీలు ముందే కనుక్కోండి.

చెక్క వంతెనల మీద పలకలు అడ్డంగా ఉంటే భయం లేదు. మీరు వెళ్ళే దిక్కులోనే పొడవుగా ఉంటే వాటి మధ్య సందులో టైరు పడుతుంది, ఏటవాలుగా దాటండి. తడిసిన చెక్క మీద బ్రేకు వేయకండి, హ్యాండిల్ తిప్పకండి. అడ్డంగా వచ్చే పాత పట్టాలను వీలైనంత లంబకోణంలో దాటండి. చెట్ల వేళ్ళు తారును కింద నుంచి లేపి గీతలుగా ఉబ్బిస్తాయి. నీడలో అవి కనబడవు, ఎండుటాకులు కప్పితే అసలే కనబడవు. ఇలాంటి చోట సీటు మీద నుంచి కాస్త లేచి, మోకాళ్ళు వంచి వెళ్ళండి. కార్లు రాకుండా నాటిన స్తంభాల మధ్య సందు కొన్నిచోట్ల మీటరు కన్నా ఇరుకు. పక్క సంచులతో కలిపి మీ బండి వెడల్పు ఎంతో ఇంటి దగ్గరే కొలుచుకోండి.

పొదలు కత్తిరించే రోజుల్లో దారంతా ముళ్ళే. పంక్చరయితే ట్యూబు మార్చే ముందు టైరు లోపలి వైపు వేలితో నెమ్మదిగా తడిమి, ముల్లును రెండు వైపుల నుంచీ వెతికి తీయండి. అది వదిలేస్తే కొత్త ట్యూబు కూడా పది నిమిషాలే ఉంటుంది.

బండ్లు లేని దారిలో గంటల తరబడి వెళ్ళాక అసలు ప్రమాదం దారి రోడ్డును దాటే చోట పొంచి ఉంటుంది. చెవులు ఆ శబ్దానికి అలవాటు తప్పి ఉంటాయి. అడ్డురోడ్డు కనబడగానే గేరు తగ్గించి, కాలు నేలకు ఆన్చి, రెండు వైపులా చూసి దాటండి. నడిచేవాళ్ళను దాటేటప్పుడు ముప్పై మీటర్ల ముందే బెల్లు కొట్టండి, దగ్గరికొచ్చి కొడితే వాళ్ళు ఉలిక్కిపడి అడ్డంగా గెంతుతారు. గుర్రం ఎదురైతే బెల్లు వద్దు, మాట్లాడండి. మనిషి గొంతు వింటే అది బెదరదు.

రోజువారీ చూపు

సాయంత్రం ఐదు నిమిషాలు: చైన్‌ను గుడ్డతో తుడిచి, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క నూనె వేసి, పెడల్ పది చుట్లు తిప్పి, పైన మిగిలిన నూనె మళ్ళీ తుడవండి. పైన నిలిచిన నూనె రాతిపొడిని పట్టుకుని చైన్‌ను అరగదీస్తుంది. పొద్దున రెండు నిమిషాలు: టైర్లు నొక్కి చూడండి, బ్రేకులు పట్టి చూడండి, వెనక చక్రం స్పోకులను జతజతగా వేళ్ళతో నొక్కండి. బరువు ఎక్కువ మోసేది వెనక చక్రం. క్యాసెట్‌కు చోటివ్వడం కోసం దాని కుడి స్పోకులు ఎడమవాటి కన్నా నిటారుగా, బిగుతుగా ఉంటాయి. ఒక స్పోకు వదులైతే ప్రతి చుట్టులో వదులై బిగిసి లోహం అలిసిపోతుంది, హబ్ దగ్గర వంపులో తెగుతుంది. తెగితే ఆ ముక్కను పక్క స్పోకుకు చుట్టి, చక్రం బ్రేకుకు రాసుకోకుండా ఇరుపక్కల స్పోకులను అరచుట్టు వదులు చేసి, బరువు కొంత ముందుకు మార్చి, నెమ్మదిగా ఊరు చేరండి. మంచి బరువైన యాత్రకు వెనక 36, కనీసం 32 స్పోకులున్న చక్రం కావాలని చెప్పేది ఇందుకే.

సైకిల్ కుడివైపుకు పడితే, లేదా రైల్లో ఇతర సైకిళ్ళతో కలిపి నిలబెట్టి తెచ్చుకుంటే, తొక్కడానికి ముందు వెనక నిలబడి డీరైలర్‌ను చూడండి. అది క్యాసెట్‌కు సమాంతరంగా నిలువుగా వేలాడాలి. లోపలికి వంగి ఉంటే చిన్న గేరులోకి వెళ్ళిన క్షణాన స్పోకుల్లో ఇరుక్కుని డీరైలర్, హ్యాంగర్, చక్రం మూడూ పోతాయి. అప్పటిదాకా అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రాన్ని వాడకుండా తొక్కి, ఆగిన చోట హ్యాంగర్ మార్చండి.

నీళ్ళు గంటకు అర లీటరు, ఎండలో ఎక్కుడైతే ముప్పావు నుంచి లీటరు. పాత రైలు మార్గం ఊళ్ళకు దూరంగా వెళ్ళడం మామూలే, 25, 30 కి.మీ. దాకా దుకాణం ఉండకపోవచ్చు. లోయల్లో ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు, మ్యాపులు ముందే ఫోన్‌లోకి దింపుకోండి. ప్రతి రోజు దారిలోనూ రోడ్డుకో రైలు స్టేషన్‌కో చేరగలిగే చోట్లు రెండు మూడు గుర్తు పెట్టుకోండి.

వాన కురిస్తే కరకట్ట దారుల సంగతి ముందు కనుక్కోండి. నది దగ్గర పల్లపు దారి మునిగి ఉంటే, నీళ్ళు చీలమండ దాకానే కదా అని దిగొద్దు. పారే నీటి కింద తారు కొట్టుకుపోయి ఉండొచ్చు, అది పైకి కనబడదు. వరద తగ్గిన తర్వాత రెండు మూడు రోజులు సన్నటి ఒండ్రు పొర దారి మీద ఉంటుంది. తడి ఒండ్రు మంచు కన్నా జారుతుంది, ఎండాక గట్టిపడి ఫెండరుకూ (మడ్‌గార్డుకూ) టైరుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని ఆపేస్తుంది. అలాంటి దారిలో వెళ్ళక తప్పకపోతే ఫెండరుకూ టైరుకూ మధ్య కనీసం వేలెడు ఖాళీ ఉంచి, చక్రం బిగుసుకోకముందే పుల్లతో గీకుతూ ఉండండి. పక్కన కంకర దారి ఉంటే, పది కిలోమీటర్లు చుట్టైనా అటే వెళ్ళండి.